సైన్స్ ఫిక్షన్ సినిమా కథను హీరో ప్రయాణం మీద అల్లడం ఎలా

హీరో ప్రయాణం అనే కథా నమూనాలోని పన్నెండు మెట్లూ వరుస తప్పకుండా ఉన్న స్క్రిప్టు కూడా చప్పగా ఉండొచ్చు. పిలుపు వస్తుంది, గురువు దొరుకుతాడు, గడప దాటతారు, శత్రువు ఓడిపోతాడు, అందరూ ఇల్లు చేరతారు. వేలు పెట్టి చూపడానికి తప్పేమీ కనబడదు, మనసు మాత్రం కదలదు. సైన్స్ ఫిక్షన్‌లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. రచయిత కొత్త లోకాన్ని ఒక కాగితం మీద, హీరో బాధను ఇంకో కాగితం మీద రాసుకుంటాడు. రెండూ బాగానే ఉంటాయి కానీ ఒకదాని గురించి ఇంకొకదానికి తెలియదు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతంతా ఒక్క పట్టు మీద నడుస్తుంది: మీ లోకాన్ని నడిపే నియమమూ, మీ హీరో లోపలి గాయమూ ఒకే ముడి కావాలి. ఆ ముడి వేసుకోవడానికే సగం సమయం పెట్టండి. సీన్లు రాయడం ఆ తర్వాత.

ఈ నమూనా ఎక్కడిదో రెండు మాటలు. 1949లో జోసెఫ్ క్యాంప్‌బెల్ ప్రపంచ పురాణగాథలను పోల్చి చూసి, బయల్దేరడం, దీక్ష, తిరిగిరావడం అనే మూడు భాగాల కింద 17 దశలు చూపించాడు. హాలీవుడ్ స్టూడియోలో కథలు చదివే ఉద్యోగం చేసిన క్రిస్టఫర్ వోగ్లర్ దాన్ని ఏడు పేజీల నోటుగా కుదించి, 1992లో పుస్తకంగా విస్తరించాడు. అక్కడ మెట్లు 12 అయ్యాయి: రోజువారీ లోకం, పిలుపు, వెనకడుగు, గురువు, గడప దాటడం, పరీక్షలు–మిత్రులు–శత్రువులు, గుహ ముంగిట, అగ్నిపరీక్ష, చేతికందిన ఫలం, తిరుగుదారి, పునర్జన్మ, అమృతంతో రాక (హీరో తనవాళ్ల కోసం వెనక్కి తెచ్చేదే అమృతం). స్క్రిప్టు రాసేవాళ్లకు ఈ 12 చాలు. 17 దశల జాబితా పురాణాలు చదివేటప్పుడు పనికొస్తుంది కానీ సినిమా కాగితం మీద బరువవుతుంది.

ఈ నమూనా అన్ని కథలకూ సరిపడదు. ఓడలో చొరబడ్డ జీవి నుంచి ఒక్కరు బతికి బయటపడటమే కథ అయితే, అక్కడ తిరిగి తెచ్చేదేమీ ఉండదు. అలాంటి కథకు బలవంతంగా గురువునూ అమృతాన్నీ తగిలిస్తే భయం చచ్చిపోతుంది. మీ కథలో ఎవరైనా వెళ్లి, మారి, ఏదో ఒకటి వెనక్కి తేవాలి. ఆ మూడూ ఉన్నాయని తేలాకే ముందుకు రండి.

లెక్కల కోసం 110 పేజీల స్క్రిప్టు అనుకుందాం. పేజీకి సుమారు ఒక నిమిషం. బల్ల మీద 60 దాకా కార్డులు పెట్టుకోండి, సీనుకొకటి. ఉదాహరణకు పొడుగునా ఒకే ఊహా కథ వాడదాం: గాలి లేని ఒక చంద్రుడి మీద మూసిన గోడల మధ్య ఒక కాలనీ, అందులో గాలి లీకులు పట్టుకునే ఒక టెక్నీషియన్.

మొదటి అడుగు: అమృతం రాసుకోండి

చివరి నుంచి మొదలుపెట్టండి. హీరో వెనక్కి ఏం తెచ్చింది, ఎవరి కోసం తెచ్చింది, దానికి బదులుగా ఏం పోయింది? ఈ మూడూ ఒకే వాక్యంలో పట్టాలి. మూడో ప్రశ్నకు జవాబు దొరక్కపోతే ఆ అమృతం ఇంకా పండలేదని అర్థం.

మన కథలో ఇలా: "మూతపడ్డ విభాగాల్లో మనుషులు బతికే ఉన్నారనీ, కాలనీ మొత్తానికి చాలినంత ఆక్సిజన్ అక్కడి తోటల్లో పుడుతోందనీ ఆమె కబురు తెస్తుంది, తలుపు తెరిస్తే అందరి గాలీ పలచబడుతుంది." లాభమూ నష్టమూ ఒకే తలుపులోంచి వచ్చాయి చూడండి. 2016లో వచ్చిన "అరైవల్" సినిమాలో కూడా ఇదే పొందిక ఉంది. గ్రహాంతరవాసుల భాష నేర్చుకున్న శాస్త్రవేత్తకు జరగబోయేది కనిపిస్తుంది. లోకాన్ని కాపాడిన ఆ చూపే పుట్టబోయే కూతురు చనిపోతుందన్న సంగతినీ చూపిస్తుంది. వరమూ వెలా విడదీయరాకుండా ఉన్నాయి.

"ఆయుధం", "ఫార్ములా", "డేటా ఉన్న చిప్" అని రాసుంటే ఆ కాగితం చింపేయండి. అవి చేతికందే వస్తువులు, అంతే. వస్తువు చేతికొచ్చాక జనం జీవితం ఏ రకంగా మారుతుందో రాస్తే అది అమృతమవుతుంది.

రెండో అడుగు: ఒకే నియమం, అందులో ఒక అంకె

సైన్స్ ఫిక్షన్ లోకానికి పదిహేను వింతలు పెట్టాలని చేయి ఉవ్విళ్లూరుతుంది. ఒకటి చాలు. ఆ నియమం ఒక వాక్యంలో ఉండాలి, అందులో ఒక అంకె ఉండాలి, దాన్ని మీరితే ఎవరో ఒకరు నష్టపోవాలి. మన కాలనీ నియమం: "లీకు అలారం మోగిన 40 సెకన్లలో ఆ విభాగం తలుపు మూసేయాలి, లోపల ఎవరున్నా సరే."

అంకె ఎందుకంటే, ప్రేక్షకుడు దాన్ని లెక్కపెట్టగలడు. "త్వరగా మూయాలి" అంటే ఉత్కంఠ పుట్టదు. 40 అంటే 39, 38 అని మనసులో మొదలవుతుంది. "ఇంటర్‌స్టెల్లార్" (2014)లో నీటి గ్రహం మీద ఒక గంట భూమి మీద ఏడేళ్లతో సమానం. ఆ ఒక్క అంకె తెలిశాక అలలు మామూలు అలల్లా కనబడవు. దిగినవాళ్లు ఓడకు తిరిగొచ్చేసరికి 23 ఏళ్లు గడిచిపోయి ఉంటాయి. పిల్లలు పంపిన వీడియోలు చూస్తూ తండ్రి కుమిలిపోయే సీనుకు విలన్ ఎవరూ లేరు. నియమమే ఆ పని చేసింది.

నియమం తేలాక దాని పర్యవసానాలను ఒక పేజీ రాయండి. ఇక్కడ నిజమైన సైన్సు మీకు ఉచితంగా సీన్లు ఇస్తుంది. కాలనీలో గాలి పీడనం 70 కిలోపాస్కల్, మూతపడ్డ వైపు 40 అనుకుందాం. భూమి మీద సముద్రమట్టం దగ్గర అది 101. ఆక్సిజన్ శాతం పెంచితే 40లోనూ మనిషి బతకగలడు. అపోలో వ్యోమగాములు అంతరిక్షంలో సుమారు 34 కిలోపాస్కల్ దగ్గర, దాదాపు స్వచ్ఛమైన ఆక్సిజన్‌తోనే గడిపారు. కానీ 40 దగ్గర నీళ్లు సుమారు 76 డిగ్రీలకే మరుగుతాయి, గొంతు అంత దూరం వినబడదు, ఆక్సిజన్ శాతం ఎక్కువ కాబట్టి చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదం. అంటే ఆ వైపు జనం వంటకు ఎక్కువసేపు పెడతారు, పిలవడానికి పైపు మీద కొడతారు, మంట చూస్తే వణికిపోతారు. మూడు అలవాట్లూ ఒక్క అంకెలోంచి పుట్టాయి. ఇలా పుట్టిన వివరం పక్కన ఊదారంగు ఆకాశమూ మూడు కళ్ల జంతువూ వెలవెలబోతాయి.

మూడో అడుగు: గాయాన్ని నియమానికి ముడివేయండి

ఇప్పుడు హీరో. ఆమె ఉద్యోగం, వయసు, ఇష్టాయిష్టాలు తర్వాత చూసుకోవచ్చు. ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఈ నియమం వల్ల ఈ మనిషికే ప్రత్యేకంగా ఏం జరిగింది?

మన టెక్నీషియన్ పదహారేళ్లప్పుడు నియమం ప్రకారం 40 సెకన్లలో తలుపు మూసింది. లోపల తండ్రి ఉన్నాడు. అందరూ మెచ్చుకున్నారు. అప్పటి నుంచి ఆమె తలుపులు బాగా మూస్తుంది, పనిలోనూ మనుషులతోనూ. ఇంట్లో ఎవరినీ రెండో గదిలోకి రానివ్వదు, మాట మధ్యలో ఆపేస్తుంది.

ముడి పడిందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. హీరోను తీసేసి వేరే మనిషిని పెట్టండి. కథ అలాగే నడిస్తే ముడి పడలేదు. తర్వాత లోకాన్ని తీసేసి మామూలు నగరంలో పెట్టి చూడండి. గాయం అలాగే ఉండి కథ కూడా నడిచిపోతే, మీరు రాస్తున్నది సైన్స్ ఫిక్షన్ దుస్తులు తొడిగిన ఇంకేదో కథ. రెండు పరీక్షల్లోనూ కథ కూలిపోవాలి. మన కథలో ఇంకెవరి తండ్రో పోతే ఆమెకు ఆ తలుపు దగ్గరికి వెళ్లే పనే లేదు. మామూలు నగరంలో 40 సెకన్ల నియమమే లేదు.

"విధి ఎన్నుకున్న ఒకే ఒక్కడు" అన్న హీరోతో జాగ్రత్త. పుట్టుకతోనే శక్తి ఉంటే గాయంతో పని ఉండదు. అప్పుడు మధ్యలో మెట్లన్నీ ఎదురుచూపులే అవుతాయి. "ది మ్యాట్రిక్స్" (1999) ఈ చిక్కును తెలివిగా దాటింది. జోస్యం చెప్పే ఆమె దగ్గరికి వెళ్లిన హీరో, తాను ఆ ఒక్కడు కానన్న నమ్మకంతో బయటికొస్తాడు. కాబట్టి ఆ తర్వాత మిత్రుడి కోసం ప్రాణం పణంగా పెట్టడం అతని సొంత నిర్ణయమే అవుతుంది.

నాలుగో అడుగు: మొదటి పది పేజీలు

మామూలు సినిమాలో రోజువారీ లోకం ప్రేక్షకుడికి తెలిసిందే. సైన్స్ ఫిక్షన్‌లో అదీ కొత్తదే. హీరోకి విసుగు పుట్టించే చోటు ప్రేక్షకుడికి వింతగా ఉంటుంది. అక్కడే చాలా స్క్రిప్టులు దారి తప్పుతాయి. వింతను వివరించే తొందరలో హీరో విసుగును మరిచిపోతాయి. పాత్రల చూపు ప్రకారమే రాయండి. ఆమె ఆవులిస్తూ గోడకు చెవి ఆనించాలి. గోడ అవతల శూన్యం ఉందన్న సంగతి ప్రేక్షకుడే గ్రహించుకోవాలి.

నియమాన్ని పది పేజీల్లో మూడుసార్లు, మూడు రంగుల్లో చూపండి. మొదట అలవాటుగా: పిల్లలు కారిడార్‌లో తలుపాట ఆడుతూ నలభై లెక్కపెడుతున్నారు. తర్వాత పనిగా: లీకు మోగుతుంది, ఆమె 31 సెకన్లలో మూసేస్తుంది, లోపల ఎవరూ లేరు, అందరూ నవ్వుకుంటారు. మూడోసారి నష్టంగా: రాత్రి ఒంటరిగా ఒక పాత తలుపు పక్కనుంచి నడుస్తూ ఆమె అడుగు వేగం పెరుగుతుంది. ఆ తలుపు వెనకున్న కథ ఇప్పుడే చెప్పకండి. తెర నల్లబడి "క్రీ.శ. ఫలానా సంవత్సరం, మానవజాతి..." అంటూ మొదలయ్యే గొంతు అవసరం ఈ మూడు సీన్లతో తీరిపోతుంది.

హీరో మొదటి నిమిషంలోనే రావాలన్న పట్టుదల కూడా వద్దు. 1977 నాటి "స్టార్ వార్స్"లో లూక్ తెర మీదికి రావడానికి సుమారు 17 నిమిషాలు పడుతుంది. అంతవరకూ రెండు రోబోల వెంట మనం లోకం చూస్తాం. కానీ ఆ రోబోలు మోసుకొస్తున్నదే లూక్‌కి అందబోయే పిలుపు. హీరోను ఆలస్యంగా తెచ్చేట్టయితే అలా పిలుపునే ముందు నడిపించండి.

ఐదో అడుగు: పిలుపు, వెనకడుగు (10–17 పేజీలు)

పిలుపు నియమానికి ఎదురు తగలాలి. మూతపడ్డ విభాగం పైపు మీద ఎవరో కొడుతున్నారు: మూడు దెబ్బలు, విరామం, మూడు దెబ్బలు. నియమం ప్రకారం అటువైపు ఎవరూ బతికి ఉండకూడదు.

వెనకడుగు మీద చాలామంది ఒక్క డైలాగు ఖర్చుపెట్టి ముందుకెళ్లిపోతారు. ఈ మెట్టు దగ్గర కాస్త నిలబడండి, హీరో మీద ప్రేక్షకుడికి నమ్మకం కుదిరేది ఇక్కడే. ఆమె వెళ్లననడానికి కారణం తెలివైన మనిషి చెప్పే కారణం కావాలి, గాయానికి కూడా తగలాలి. మన కథలో ఈ సీనుకు మాటలే అక్కర్లేదు. షిఫ్టు చివర ఆమె రోజు వివరాలు నమోదు చేసే లాగ్ తెర ముందు కూర్చుంటుంది. "శబ్దం" అన్న గడిలో వేలు ఆగుతుంది. కిందికి జారే జాబితాలో "పైపు వ్యాకోచం" అన్నది ఎంచుకుంటుంది. సేవ్ నొక్కుతుంది. మళ్లీ మూడు దెబ్బలు వినిపిస్తాయి. ఆమె చెవుల మీదికి హెడ్‌ఫోన్ లాక్కుంటుంది. ఒక పేజీలో అయిపోయింది, ఆమె జీవితమంతా అందులో ఉంది.

ఆ తర్వాత వెనకడుగుకు ఒక మూల్యం పడాలి. మరుసటి రోజు దెబ్బలు రెండే వినిపిస్తాయి.

ఆరో అడుగు: గురువు (17–24 పేజీలు)

గురువు యంత్రాలను వివరించే గైడు అయిపోవడం సైన్స్ ఫిక్షన్‌లో మామూలు తప్పు. ఒక కొలత పెట్టుకోండి: గురువు వరుసగా నాలుగు వాక్యాలకు మించి వివరించకూడదు. ఐదో వాక్యం రాబోతుంటే ఎవరైనా అడ్డు తగలాలి లేదా ఏదైనా జరగాలి.

గురువు మూడు పనులు చేస్తే చాలు. ఒక వస్తువు ఇవ్వాలి, ఒక తప్పుడు నమ్మకం అంటించాలి, ఒక ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకోవాలి. మన గురువు రిటైరైన ఇంజనీరు, పాత బ్లూప్రింట్లు దాచుకున్న మనిషి. ఆయన ఇచ్చేది వాల్వు తిప్పే ఒక తాళంచెవి. ఆయన నమ్మకం, అవతల పాత యంత్రాలే కదులుతున్నాయని. ఆయన తప్పించుకున్న ప్రశ్న, "మీరెందుకు వెళ్లలేదు?"

ఆ తాళం ఎందుకో లెక్క చూడండి. తలుపు వైశాల్యం 2 చదరపు మీటర్లు. రెండు వైపులా పీడనాల తేడా 30 కిలోపాస్కల్. అంటే తలుపు మీద 60,000 న్యూటన్ల బలం, దాదాపు ఆరు టన్నుల బరువు ఆనినట్టు. ఎంత కండ ఉన్నా చేత్తో లాగలేరు. ముందు వాల్వు తిప్పి పీడనం సమం చేయాలి. ఈ లెక్కలో సగం కూడా సినిమాలో చెప్పనక్కర్లేదు. ఆమె తలుపు లాగుతుంది, కదలదు. తాళం పెట్టి తిప్పుతుంది, బుస్సుమంటుంది. అంతే. క్లైమాక్స్‌కు కావలసిన వస్తువు 20వ పేజీలోనే ప్రేక్షకుడి చేతిలో పెట్టేశారు.

ఏడో అడుగు: గడప (25–28 పేజీలు)

గడప దాటాక వెనక్కి రాలేకపోవడానికి భౌతికమైన కారణం ఉండాలి. "మనసు మారిపోయింది కాబట్టి వెనక్కి రాదు" అంటే చాలదు. మన కథలో ఆమె రెండు తలుపుల మధ్య గదిలో ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని కూర్చుంటుంది, పీడనం మెల్లగా దిగుతుంది. గబుక్కున దించితే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కడుతుంది, లోతు నుంచి వేగంగా పైకొచ్చిన డైవర్లకు వచ్చే జబ్బే. 70, 64, 58... మీటరు ముల్లు కిందికి. ఆ గదిలో పీడనం మళ్లీ పెంచే వాల్వు కాలనీ వైపునే ఉంది. ముల్లు 40 దగ్గర ఆగినప్పుడు వెనక్కి దారి లేదని ఆమెకూ తెలుసు, మనకూ తెలుసు.

పోరాటం లేని గడప ఎక్కువ పనిచేస్తుంది. ఎదురుచూపు ఉన్న గడప ఇంకా ఎక్కువ. ఈ మెట్టు 30వ పేజీ దాటి పోకుండా చూసుకోండి. దాటితే ప్రేక్షకుడు కథ ఇంకా మొదలే కాలేదనుకుంటాడు.

ఎనిమిదో అడుగు: పరీక్షలు (28–54 పేజీలు)

స్క్రిప్టులో అతి పొడుగైన భాగం, అతి త్వరగా సాగదీతలా అనిపించేదీ ఇదే. ఒక గ్రహం, ఇంకో గ్రహం, ఒక కొట్లాట, ఇంకో కొట్లాట. మందు ఒక్కటే: ప్రతి పరీక్ష చివర హీరోకి నియమం గురించి ముందు తెలియని ఒక సంగతి తెలియాలి. పరీక్షలు మూడో నాలుగో చాలు. ఒక్కోదానికి ఒక కార్డు తీసి నాలుగు వరసలు రాయండి: ఏం అనుకుంది, ఏం చేసింది, ఏమైంది, ఏం తెలిసింది.

మొదటి పరీక్షలో ఆమె పరిగెత్తబోయి ఇరవై మెట్లకే కూలబడుతుంది. తెలిసింది: ఇక్కడ నిదానమే బలం. రెండో పరీక్షలో, పైపు మీద కొట్టిన మనుషులు ఆమెను నమ్మరు, ఎందుకంటే తలుపులు మూసే యూనిఫాం వేసుకుని ఉంది. నమ్మకం కుదిరాక ఒక పాత నియంత్రణ పెట్టె చూపిస్తారు. తెలిసింది: వాల్వు 40 సెకన్లు దాటి తెరిచే ఉంటే, రెండు విభాగాలూ ఒకటేనని వ్యవస్థ నమోదు చేసుకుంటుంది, ఆపైన తలుపు మూయదు. మూడో పరీక్ష తోటలో నిప్పురవ్వ. ఆమె అలవాటుగా తలుపు మూయబోతుంది, ఒక పిల్ల లోపలే ఉంది. ఎవరో ఆమె చేయి పట్టి ఆపుతారు. తెలిసింది: ఇక్కడివాళ్లు ముందు మనిషిని బయటికి లాగి, ఆ తర్వాత తలుపు మూస్తారు.

కార్డులు వరసగా పెట్టి మధ్యలో "అందువల్ల" అనో "కానీ" అనో చదవండి. రెండు కార్డుల మధ్య "ఆ తర్వాత" మాత్రమే అతుకుతుంటే, అందులో ఒకటి తీసేసినా కథకు నష్టం లేదు. తీసేయండి, ఎంత అందమైన సీనైనా సరే.

తొమ్మిదో అడుగు: గుహ, అగ్నిపరీక్ష, చేతికందిన ఫలం (50–70 పేజీలు)

సినిమా నడుమన హీరో చావును తాకి రావాలి. చావు అంటే శరీరమే కానక్కర్లేదు. తాను ఎవరన్న నమ్మకం చచ్చినా చాలు, ఒక్కోసారి అదే ఎక్కువ. దీన్ని పెద్ద యుద్ధంగా రాయాలన్న ఒత్తిడి ఉంటుంది. నియమమూ గాయమూ ఎదురెదురు పడే చోటే గుహ. అక్కడ పేలుడు అవసరమో కాదో ఆ ఎదురుపాటే చెబుతుంది.

మన గుహ, తండ్రి పోయిన గది. తలుపుకు లోపలి వైపు. గోడ మీద లోహపు అతుకు ఒకటి ఉంది, తండ్రి పనితనం ఆమె గుర్తుపడుతుంది. అతుకు పక్కన సుద్దతో గీసిన గీతలు, రోజుకొకటి. ఆమె లెక్కపెట్టడం మొదలుపెడుతుంది, ముప్పై దగ్గర ఆపేస్తుంది, గీతలు ఇంకా ఉన్నాయి. ఆయన లీకు పూడ్చాడు. తలుపు మూసుకున్నాక చాలా రోజులు బతికాడు. ఎవరూ తెరవలేదు. ఈ సీనులో డైలాగు పెట్టకండి, సంగీతం గురించి కూడా రాయకండి. చేతిని రాయండి: వేలు గీత నుంచి గీతకు జరుగుతుంది, ఆగుతుంది.

ఫలం ఆ వెంటనే దొరకాలి, కానీ అదింకా అమృతం కాదు. ఆమెకు దొరికింది నిజం, తోటల లెక్కలున్న పుస్తకం. దాన్ని ఇంటికి చేర్చాలి. ఈ రెంటినీ ఒకటనుకుంటే సినిమా 70వ పేజీలోనే అయిపోయి, మిగతా నలభై పేజీలూ సాగుతూనే ఉంటాయి.

పదో అడుగు: తిరుగుదారి (70–85 పేజీలు)

సైన్స్ ఫిక్షన్ స్క్రిప్టులు ఎక్కువగా కూలేది ఇక్కడే. వెళ్లడానికి అరవై పేజీలు పట్టిన దారి, రావడానికి ఒక కట్‌లో అయిపోతుంది. క్యాంప్‌బెల్ తిరిగిరావడానికి ఒక భాగమంతా కేటాయించాడు, అందులో మొదటి దశ పేరే తిరిగిరానని నిరాకరించడం. మీ హీరోకి అక్కడే ఉండిపోవాలన్న కోరిక ఒక్క సీనైనా కలగాలి. మన టెక్నీషియన్‌ను ఆ జనం ఉండమంటారు. తలుపులు మూయక్కర్లేని చోటు ఆమెకు మొదటిసారి దొరికింది. అక్కణ్నుంచి లేచి రావడమే తిరుగుదారి.

ఒక గట్టి నిబంధన పెట్టుకోండి: 75వ పేజీ తర్వాత లోకానికి కొత్త నియమం రాకూడదు. కొత్త యంత్రం, కొత్త శక్తి, కొత్త జాతి ఏదీ వద్దు. క్లైమాక్స్‌లో హీరో వాడేదంతా అప్పటికే తెర మీద కనబడి ఉండాలి. "స్టార్ వార్స్" ఆఖరి దాడిలో లూక్ గురి చూసే కంప్యూటరును పక్కన పెట్టి తన లోపలి స్పర్శను నమ్ముకుంటాడు. అది మనకు వింతగా అనిపించదు. ఓడ ప్రయాణంలో, కళ్లు కనబడకుండా హెల్మెట్ దించుకుని, గాల్లో తేలే బంతి పేల్చే కిరణాలను కత్తితో ఆపడం అతను అప్పటికే నేర్చుకున్నాడు. ఆ చిన్న సీను తీసేసి చూడండి, ఆఖరి నిర్ణయం అదృష్టం మీద ఆధారపడిన తెగింపు అయిపోతుంది.

పదకొండో అడుగు: పునర్జన్మ (88–102 పేజీలు)

మొదటి పది పేజీల్లో చూపిన పనినే ఇప్పుడు తిరగేసి చూపండి. ఆమె పాత తలుపు దగ్గరకొచ్చి లోపలి వైపు నుంచి వాల్వుకు తాళం పెడుతుంది. వాల్వుకు స్ప్రింగు ఉంది, చేయి వదిలితే మూసుకుపోతుంది. తిప్పగానే కాలనీ వైపు పీడనం పడిపోవడం మొదలవుతుంది, లీకు మోగుతుంది, 40 మొదలవుతుంది. అద్దం అవతల ఆమె దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు మూసే బటన్ మీద చేయి పెట్టి నిలబడ్డాడు. ఏం చేయాలో వాడికి నేర్పింది ఆమే.

ఇక్కడ రాయాల్సింది రెండు చేతులు. ఒకటి తాళం మీద వణుకుతూ ఉంది, ఇంకొకటి బటన్ మీద. 22 దగ్గర కుర్రాడు ఆమెను గుర్తుపడతాడు. 15 దగ్గర వాడి వెనక జనం అరుస్తారు. 9 దగ్గర వాడు చేయి తీసేస్తాడో లేదో మీరు నిర్ణయించండి, కానీ ఆ నిర్ణయం వాడిదే కావాలి. హీరో మారిందనడానికి సాక్ష్యం ఆమె చేయి వదలకపోవడం. ఆ మార్పు అంటుకుంటుందనడానికి సాక్ష్యం కుర్రాడు. హీరో ఒక్కతే అన్నీ చేసేస్తే అమృతం తీసుకోవడానికి అవతల ఎవరూ మిగలరు.

పన్నెండో అడుగు: కార్డుల ముందు నిలబడి చూసుకోవడం

డ్రాఫ్టు రాయకముందే గోడ మీద కార్డులన్నీ అంటించి, లోపాలు ఎక్కడెక్కడ దాక్కుంటాయో చూడండి. నడుమ భాగం వదులుగా ఉంటే తప్పు సాధారణంగా అక్కడ ఉండదు, రెండో అడుగులో ఉంటుంది. నియమం బలహీనంగా ఉంటే పరీక్షలకు నేర్పడానికేమీ దొరకదు. క్లైమాక్స్ అర్థం కాకపోతే గురువు సీను వెనక్కి వెళ్లి చూడండి, వస్తువు ఇవ్వడం మరిచిపోయి ఉంటారు. విలన్ బాగున్నాడు కానీ కథ కదలట్లేదంటే, విలన్‌ను నియమానికి కావలిగా పెట్టి చూడండి. మన కథలో కాలనీ అధికారి దుర్మార్గుడు కానక్కర్లేదు. 40 సెకన్ల నియమం వల్ల ప్రాణం దక్కిన పిల్లల్లో ఒకడైతే చాలు, అతని ప్రతి మాటకూ బరువొస్తుంది. ఎవరూ అడగని ప్రశ్నకు పాత్రలు జవాబు చెబుతుంటే అది వివరణ. ఆ పేజీలో మాటలన్నీ కొట్టేసి, చేతులూ వస్తువులతో మళ్లీ రాయండి.

పన్నెండు మెట్లకూ పన్నెండు కార్డులు ఉండాలని పట్టుబట్టకండి. రెండు మెట్లు ఒకే సీనులో కలిసిపోవచ్చు, గురువు గడప తర్వాత కూడా దొరకొచ్చు, పిలుపు రెండుసార్లు రావొచ్చు. కదలకూడనివి నాలుగు: నియమం కనబడటం, గడప, అగ్నిపరీక్ష, అమృతం. అవి వరస మారితే కథే మారిపోతుంది.

ఆఖరుగా మొదటి కార్డునూ చివరి కార్డునూ పక్కపక్కన పెట్టండి. రెంటిలోనూ ఒకే చోటు, ఒకే పని ఉండి, అర్థం మాత్రం తిరగబడి ఉండాలి. మన కథలో మొదటి కార్డు: పిల్లలు కారిడార్‌లో నలభై లెక్కపెడుతూ తలుపాట. చివరి కార్డు: అదే కారిడార్, పలచటి గాలి, పిల్లలు నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ అదే ఆట. లెక్క నలభై దాటి నలభై ఒకటికి వెళుతుంది. ఒక పిల్ల తలుపు పట్టుకుని నిలబడింది, ఇంకా లోపల ఉన్న స్నేహితురాలి కోసం.